మిగతా ఆడవాళ్ళు ఎక్కడమ్మా? మద్దాల పుస్తకంతో నా పీహెచ్‌డీ

నా థీసిస్ మూడో అధ్యాయం చిత్తుప్రతిని మా గైడు గారు నా ఎదురుగానే చదివారు. నాలుగో పట్టిక దగ్గర ఆగారు. పెన్సిలు మొనను పట్టిక అడుగున ఉన్న పరిశీలనల సంఖ్య (లెక్కలోకి తీసుకున్న స్త్రీల సంఖ్య) మీద పెట్టి, "మిగతా ఆడవాళ్ళు ఎక్కడమ్మా?" అని అడిగారు.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ గ్రామాల్లో స్త్రీల చదువుకూ వాళ్ళకు దక్కే కూలికీ ఉన్న సంబంధం నా పరిశోధన అంశం. అప్పటికి ఒక డిగ్రీ కళాశాలలో అర్థశాస్త్రం చెబుతూ పార్ట్‌టైమ్‌గా పీహెచ్‌డీ చేస్తున్నాను. సమాచారమంతా జాతీయ నమూనా సర్వే 68వ విడతది. 2011 జులై నుంచి 2012 జూన్ వరకు ఇల్లిల్లూ తిరిగి సేకరించినది. అందులో కూలి నమోదైన స్త్రీలను మాత్రమే ఉంచుకుని, మిగతా వాళ్ళందరినీ ప్రోగ్రాములో ఒకే ఒక్క వాక్యంతో తీసేశాను. "వాళ్ళకు కూలి లేదు కదా సర్, రిగ్రెషన్‌లో ఏం పెట్టగలం?" అన్నాను. ఒక సంగతి మారితే మరొకటి సగటున ఎంత మారుతుందో అంచనా కట్టే లెక్కే రిగ్రెషన్.

ఆయన వాదించలేదు. లేచి బీరువాలోంచి అట్ట వదులైన పుస్తకం ఒకటి తీసి నా చేతిలో పెట్టారు. "ఇది చదివి రా. తొందర లేదు. అర్థం కాని చోట పెన్సిలుతో గీత పెట్టుకో, నేనూ పెట్టుకున్నాను" అన్నారు. 1983లో కేంబ్రిడ్జ్ యూనివర్సిటీ ప్రెస్ వేసిన 'లిమిటెడ్ డిపెండెంట్ అండ్ క్వాలిటేటివ్ వేరియబుల్స్ ఇన్ ఎకనోమెట్రిక్స్'. ఎకనోమెట్రిక్ సొసైటీ మోనోగ్రాఫుల వరుసలో మూడోది. ఆర్థిక ప్రశ్నలకు గణాంకాలతో జవాబు వెతికే శాస్త్రమే ఎకనోమెట్రిక్స్. అట్ట మీద పేరు జి.ఎస్. మద్దాల.

ఆ పేరు నాకు కొత్త కాదు. ఎం.ఏ.లో ఆయన రాసిన 'ఇంట్రడక్షన్ టు ఎకనోమెట్రిక్స్' మా పాఠ్యగ్రంథం. అయితే పరీక్షల కోసం చదివిన పుస్తకం వెనుక ఒక మనిషి ఉంటాడని, ఆయన ఎక్కడివాడో, ఏం చదివాడో తెలుసుకోవాలని అప్పుడు తోచలేదు. మద్దాల అన్న ఇంటిపేరు మన వైపు వినబడేదే అన్న మాట కూడా మా గైడు గారి గదిలోంచి బయటికి వచ్చాకే మనసుకు తట్టింది.

ఆ రాత్రి కూర్చుని ఆయన గురించి దొరికినదంతా చదివాను. పూర్తి పేరు గంగాధరరావు సౌందల్యరావు మద్దాల. పుట్టింది 1933లో. చాలా సామాన్యమైన కుటుంబం. 1955లో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం బి.ఏ., 1957లో బొంబాయి విశ్వవిద్యాలయంలో గణాంకశాస్త్రం ఎం.ఏ. తరువాత ఫుల్‌బ్రైట్ ఉపకార వేతనంతో అమెరికా వెళ్ళి, 1963లో షికాగో విశ్వవిద్యాలయం నుంచి డాక్టరేట్ తీసుకున్నారు. ఆయన గైడు జ్వీ గ్రిలికస్. అమెరికా రైతుల్లో హైబ్రిడ్ మొక్కజొన్న విత్తనం ఎలా వ్యాపించిందో లెక్కకట్టి చూపించిన అర్థశాస్త్రవేత్త. సమీకరణం ఎంత అందంగా ఉందన్నది పక్కనబెట్టి, సమాచారం ఎక్కడి నుంచి వచ్చిందో ముందు అడిగే సంప్రదాయం ఆయనది. మద్దాల తొలి వ్యాసాల్లో ఒకటి బొగ్గు గనుల మీద: 1919 నుంచి 1954 దాకా అమెరికా బొగ్గు పరిశ్రమలో ఉత్పాదకత, సాంకేతిక మార్పు. 1965లో అచ్చయింది. గణితం చదువుకుని వచ్చిన మనిషి ముందుగా బొగ్గు తవ్వకం లెక్కలు తవ్వారన్న సంగతి నాకు ఎంతో ధైర్యమిచ్చింది. నా చేతిలోనూ అప్పుడు కూలి లెక్కలే ఉన్నాయి.

ఆ తరువాత స్టాన్‌ఫర్డ్, రోచెస్టర్, ఫ్లోరిడా విశ్వవిద్యాలయాల్లో పని చేశారు. 1993లో ఒహాయో స్టేట్‌కు వెళ్ళి, 1999 జూన్‌లో కన్నుమూసే వరకు అక్కడే ఉన్నారు. గ్రిలికస్ కూడా అదే ఏడాది నవంబరులో పోయారు. గురుశిష్యులిద్దరూ ఒకే సంవత్సరంలో వెళ్ళిపోయారు.

పుస్తకం మొదలుపెట్టాను. మొదటి నెల రోజులు చేసిన పని చదవడం కాదు, కాగితం మీద ఎక్కాలు దిద్దినట్టు ఒక్కొక్క సమీకరణాన్నీ మళ్ళీ రాసుకోవడం. మద్దాల ఒక అడుగు నుంచి మరో అడుగుకు వెళ్ళేటప్పుడు మధ్యలో ఉన్న లెక్కను పాఠకుడికే వదిలేస్తారు. కానీ ఆ అడుగు ఎందుకు వేస్తున్నామో మాత్రం ఎప్పుడూ వదలరు. ఏ పద్ధతి చెప్పినా దాని పక్కనే అది ఎక్కడ చెల్లదో కూడా చెబుతారు. నా అనుభవంలో ఈ రెండో గుణమే గొప్పది. పద్ధతి చెప్పేవాళ్ళు చాలామంది ఉంటారు.

విషయం ఎక్కడ మొదలైందో కూడా అందులోనే తెలిసింది. 1958లో అర్థశాస్త్రవేత్త జేమ్స్ టోబిన్ కుటుంబాలు మన్నికైన వస్తువుల మీద పెట్టే ఖర్చును పరిశీలించారు. ఆ ఏడాది ఏమీ కొనని ఇళ్ళు చాలా ఉన్నాయి. వాళ్ళ ఖర్చు సున్న. సున్నలన్నీ ఒకచోట గుట్టగా పడి ఉన్నప్పుడు మామూలు సరళరేఖ గీస్తే అది తప్పుడు రేఖ అవుతుంది. దానికి ఆయన ఇచ్చిన పరిష్కారానికి 1964లో ఆర్థర్ గోల్డ్‌బర్గర్ టోబిట్ అని పేరు పెట్టారు. నా సమస్య దానికన్నా ఇంకొక మెట్టు పైది. కొనని ఇంటి ఖర్చు సున్న అని మనకు తెలుసు. పనికి వెళ్ళని స్త్రీ కూలి సున్న కాదు. వెళ్ళి ఉంటే ఎంతో కొంత వచ్చేది, అది మనకు కనబడలేదు, అంతే. నేను తీసేసిన వాళ్ళు కూలి లేనివాళ్ళు కారు, కూలి కనబడనివాళ్ళు. ఈ ఒక్క తేడా అర్థం కావడానికి నాకు మూడు వారాలు పట్టింది.

ఆ సర్వేలో ప్రతి మనిషికీ ఒక పని సంకేతం ఉంటుంది. జీతం మీద పని చేస్తే 31, కూలి పని చేస్తే 51. సొంత పని చేసుకుంటే 11. సొంత ఇంటి సేద్యంలోనో వ్యాపారంలోనో జీతం లేకుండా సాయపడితే 21. ఇంటిపని మాత్రమే చేస్తే 92. ఇంటిపనితో పాటు కట్టెలు, కూరాకు, పశువుల మేత తెచ్చుకుంటూ, ఇంటి కోసం కుట్టుపనీ అల్లికా చేసుకుంటే 93. కంప్యూటర్ తెర మీద ఆ సమాచారం ఖాళీ లేకుండా అంకెల వరుసలుగా కనబడుతుంది. ఎన్నో అంకె నుంచి ఎన్నో అంకె దాకా ఏ సంగతి ఉందో వేరే కాగితం చూసి విడదీసుకోవాలి. ఒక్కొక్క మనిషి జనాభాలో ఎంతమందికి ప్రతినిధో చెప్పే మల్టిప్లయర్‌ను 100తో భాగించాలా 200తో భాగించాలా అన్నదీ చూసుకోవాలి. ఇంత జాగ్రత్తగా విడదీసిన వరుసల్లోంచి 21లను, 92లను, 93లను నేను ఒక్క మీట నొక్కి పంపించేశాను.

దసరా సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు సర్వే ప్రశ్నావళి ప్రతి ఒకటి వెంట తీసుకెళ్ళాను. సర్వే చేసే మనిషి ఎలా అడుగుతాడో నాకు నేనుగా చూడాలనిపించింది. అమ్మ పెరట్లో జొన్నచొప్ప విడదీస్తోంది. మాకు రెండు పాడిగేదెలు. తెల్లవారుజామున లేచి పాలు పితికి, కేంద్రంలో పోసి, మేత కోసుకొచ్చి, కుడితి పెట్టి, మళ్ళీ సాయంత్రం పాలు పితికేది అమ్మే. పక్కన కూర్చుని, ఫారం ఒళ్ళో పెట్టుకుని, "గడిచిన ఏడాదిలో ఎక్కువ కాలం నువ్వు ఏ పని చేశావమ్మా?" అని అడిగాను. చేతిలో చొప్ప అలాగే ఉంది. "నాకేం పనుందే, ఇంట్లోనే ఉన్నాను కదా" అంది.

అమ్మ చెప్పిన మాటను బట్టి అయితే 92. సర్వే నియమాలను బట్టి అయితే, పాలు అమ్ముకునే గేదెల పని ఆర్థిక కార్యకలాపమే, కాబట్టి 21. రెండింటిలో ఏది రాసినా, నా మొదటి చిత్తుప్రతిలో మా అమ్మకు చోటు లేదు. ఫారం మడిచి సంచిలో పెట్టాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేకపోయాను.

తిరిగి వచ్చాక నేరుగా నా సమాచారం మీదికి పోకుండా, మా గైడు గారి సలహా మీద ముందు చిన్న నమూనాతో చెయ్యి తిప్పుకున్నాను. థామస్ మ్రాజ్ 1987 వ్యాసంలో వాడిన నమూనా అది. 1975 నాటి అమెరికా వివాహిత స్త్రీలు 753 మంది. అందులో ఆ ఏడాది పనికి వెళ్ళినవారు 428, వెళ్ళనివారు 325. ప్రపంచమంతటా విద్యార్థులు ఈ 753 మంది మీదే ఈ విద్య నేర్చుకుంటారు.

పద్ధతి పేరుకు రెండంచెలే. జేమ్స్ హెక్‌మన్ 1979లో అచ్చువేసిన వ్యాసంతో స్థిరపడింది. మొదటి అంచెలో మొత్తం 753 మందినీ తీసుకుని, ఎవరు పనికి వెళ్ళే అవకాశం ఎంత అన్నది, అవును-కాదు జవాబుల నుంచి సంభావ్యతను లెక్కకట్టే పద్ధతి అయిన ప్రాబిట్‌తో అంచనా కడతాం. దాని నుంచి ప్రతి స్త్రీకీ లాంబ్డా అనే ఒక సంఖ్య వస్తుంది. ఈమె నమూనాలో కనబడటం ఎంత అరుదైన సంగతో ఆ సంఖ్య చెబుతుంది. రెండో అంచెలో 428 మంది కూలి సమీకరణంలో ఆ లాంబ్డాను ఒక చలరాశిగా చేరుస్తాం. అంటే కనబడని 325 మంది నీడ కనబడే 428 మంది లెక్కలో పడుతుంది.

ఆ నీడ ఎటువైపు పడుతుందన్నదే అసలు ప్రశ్న. మద్దాల పుస్తకంలో నేను అన్నిటికన్నా ఎక్కువ గీతలు పెట్టుకున్న చోటు అది. మనుషులు తమకు తాము ఏదో ఒక వైపు ఎంచుకుని వెళ్ళినప్పుడు రెండు వైపులా కనబడే ఫలితాలను నేరుగా పోల్చకూడదని చెప్పే అధ్యాయం. ఇద్దరు స్త్రీలను ఊహించుకోండి. ఇద్దరూ పదో తరగతి చదివారు, ఇద్దరికీ అదే వయసు. ఒకామెకు మంచి జీతం దొరుకుతుంది కాబట్టి పనికి వెళ్ళింది. రెండో ఆమెకు దొరికే కూలి ఇల్లు వదిలి వెళ్ళేంత విలువైనదిగా తోచక ఆగిపోయింది. మనకు మొదటి ఆమె మాత్రమే కనబడుతుంది. అప్పుడు చదువు తెచ్చే లాభం ఉన్నదానికన్నా ఎక్కువగా కనబడవచ్చు. ఇప్పుడు దీన్ని తిరగెయ్యండి. భర్త మంచాన పడి, అప్పు నెత్తిన ఉండి, ఎంత తక్కువ ఇచ్చినా వెళ్ళక తప్పని స్త్రీ పనిలోకి వచ్చింది. కాస్త ఉన్న ఇంటి ఆడపిల్ల, చదువుకున్నది, ఇంట్లో ఆగిపోయింది. ఇక్కడ కనబడే వాళ్ళు తక్కువ కూలికి ఒప్పుకున్నవాళ్ళు. నీడ రెండో వైపు పడుతుంది. అమెరికా నమూనాలో ఏది జరిగితే మన పల్లెల్లోనూ అదే జరుగుతుందని ముందే అనుకోవడానికి వీల్లేదు.

అందుకే, పుస్తకంలోని లెక్క నా లెక్క కాదని మా గైడు గారు పదే పదే అనేవారు. "సూత్రం ఆయనది, ఊరు నీది" అనేవారు.

నా సమాచారంతో అసలు కష్టం మొదలైంది. రెండంచెల్లోనూ అవే చలరాశులు పెడితే లాంబ్డా దాదాపు మిగతా వాటి సరళ మిశ్రమంలా ప్రవర్తిస్తుంది. చదువు గుణకం (చదువును బట్టి కూలి ఎంత మారుతుందో చెప్పే సంఖ్య) ఏదో, లాంబ్డా గుణకం ఏదో విడదీయలేం. నార్మల్ విభాజనం, అంటే కనబడని తేడాలు గంట ఆకారపు రేఖలో పరుచుకుని ఉంటాయి అన్న ఊహ ఒక్కటే వాటిని వేరు చేస్తూ ఉంటుంది. అంత బరువును ఒక ఊహ మీద మోపడం న్యాయం కాదు. కాబట్టి పనికి వెళ్ళాలా వద్దా అన్నదాన్ని ప్రభావితం చేస్తూ, వచ్చే కూలిని నేరుగా ప్రభావితం చెయ్యని సంగతి ఒకటి కావాలి. ఇంట్లో ఐదేళ్ళలోపు పిల్లల సంఖ్య తీసుకున్నాను. తరువాత కుటుంబానికి ఉన్న భూమి. పిల్లల సంఖ్య ఒక మేరకు నిలబడింది. భూమి దగ్గర ఆలోచనలో పడ్డాను. భూమి ఉన్న ఇంటి ఆడవాళ్ళు కూలికి వెళ్ళకపోవచ్చు, నిజమే. కానీ భూమి ఎక్కువగా ఉండే సామాజిక వర్గానికి ఊళ్ళో మెరుగైన పని దొరికే పరిచయాలు కూడా ఉంటాయి. అప్పుడు భూమి కూలి సమీకరణంలోకీ చొరబడినట్టే. భూమిని పెట్టి ఒకసారి, తీసి ఒకసారి, రెండు ఫలితాలనూ థీసిస్‌లో ఇచ్చాను. ఒకటే ఇచ్చి ఉంటే పట్టిక అందంగా ఉండేది.

ఒక పొరపాటు కూడా చెప్పాలి. తొలిసారి లాంబ్డా గుణకం సార్థకంగా, అంటే కేవలం యాదృచ్ఛికంగా వచ్చినది కాదనిపించేంత స్పష్టంగా వచ్చినప్పుడు సంబరంగా గైడు గారికి ఫోను చేశాను. లాంబ్డా మనం కొలిచిన వస్తువు కాదు, మొదటి అంచెలో అంచనా కట్టినది. ఆ అనిశ్చితి రెండో అంచె ప్రామాణిక దోషాల్లోకి, అంటే అంచనా ఎంత అటూ ఇటూ కావచ్చో చెప్పే కొలతల్లోకి రావాలి. నేను రెండు అంచెలనూ విడివిడిగా నడిపి, రెండోదాని దోషాలను మామూలు రిగ్రెషన్ ఇచ్చినవి ఇచ్చినట్టే రాసుకున్నాను. సరిచేసి చూస్తే ఆ సార్థకత నిలవలేదు. మూడు నెలల కిందటే చదివిన పేజీలో ఆ హెచ్చరిక ఉంది, పక్కన గైడు గారి పెన్సిలు గీత కూడా ఉంది. ఫోను చేసిన రోజున ఆయన ఏమీ అనలేదు. సరిచేసిన పట్టిక చూపించిన రోజున మాత్రం "ఇప్పుడు నువ్వు పరిశోధన చేస్తున్నావమ్మా" అన్నారు.

ఈ దశలోనే మద్దాల రాసిన 'ఇంట్రడక్షన్ టు ఎకనోమెట్రిక్స్'ను మళ్ళీ తీశాను. 1988లో తొలిసారి వచ్చింది. ఆయన పోయాక 2001లో మూడో కూర్పు వచ్చింది, 2009లో ఆయన శిష్యుడు కాజల్ లహిరి పేరు కూడా చేరి నాలుగోది వచ్చింది. ఎం.ఏ.లో పరీక్షకు వచ్చే ప్రశ్నల కోసం చదివినదాన్ని ఇప్పుడు వేరే ఆకలితో చదివాను. చలరాశుల మధ్య సహసంబంధం (ఒకటి మారితే రెండోదీ మారడం) ఎక్కువగా ఉందంటే చాలు, ఏదో రోగం పట్టినట్టు మందు వెతకడం మాకు అలవాటు. ఎక్కువ సహసంబంధం అన్నది దానంతట అదే సమస్య కాదని, నీకు కావలసిన గుణకాన్ని ఈ సమాచారం ఎంత కచ్చితంగా చెప్పగలుగుతోందో చూడమని ఆయన విడమరచి చెబుతారు. ఒక కాలపు దోషం తరువాతి కాలపు దోషంతో ముడిపడి ఉందేమో చూసే డర్బిన్-వాట్సన్ పరీక్ష విఫలమైతే వెంటనే ఆ ముడికి, అంటే స్వసహసంబంధానికి దిద్దుబాటు చెయ్యడం ఇంకో అలవాటు. ముందు నువ్వు వదిలేసిన చలరాశి ఏదైనా ఉందేమో, కాలక్రమం తప్పుగా పెట్టావేమో చూసుకో అంటారు. స్త్రీపురుషుల జీతాల్లో వివక్ష ఉందా అన్న ప్రశ్నను రిగ్రెషన్ ఒక దిశలో నడిపితే ఒక సమాధానం, తిరగేసి నడిపితే మరో సమాధానం వచ్చే సందర్భాన్ని ఎత్తి చూపుతారు. ఆ పేజీ నా పరిశోధనకు ఎంత దగ్గరిదో ఎం.ఏ. రోజుల్లో నాకు తెలియలేదు.

మద్దాల చేసిన పని ఒక్క ఈ దారికే పరిమితం కాదు. ఒకే కుటుంబాలనో దేశాలనో ఏళ్ళ తరబడి చూసినప్పుడు, ఆ సమాచారాన్ని కలిపి ఎలా వాడాలో 1971లో ఎకనోమెట్రికా పత్రికలో రాశారు. 1999లో, ఆయన పోయిన ఏడాదే, షావెన్ వూతో కలిసి అలాంటి సమాచారానికి ఒక యూనిట్ రూట్ పరీక్షను (కుదుపు తగిలిన అంకెల వరుస తిరిగి పాత దారికి వస్తుందో లేదో చూసే పరీక్షను) ప్రతిపాదించారు. దాని మూలం గణాంకశాస్త్రవేత్త ఆర్.ఎ. ఫిషర్ నాటి పాత ఉపాయం: విడివిడి పరీక్షల సంభావ్యతల లాగరిథమ్‌లను కూడి రెండుతో హెచ్చించి గుర్తు మార్చడం. కాగితం మీద నాలుగు వాక్యాల్లో విద్యార్థికి చెప్పగలిగినంత సరళం. కొత్తది కనిపెట్టే అవకాశం ఉన్నప్పుడు కూడా పాత పనిముట్టు సరిపోతుందేమో అని ముందు చూసిన మనిషిగా ఆయన నాకు ఆ వ్యాసంలో కనబడతారు. గణాంకశాస్త్ర దిగ్గజం సి.ఆర్. రావు గారు కూడా ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనే గణితం చదువుకున్నారు. అర్థశాస్త్ర విద్యార్థులు లాగ్రాంజ్ మల్టిప్లయర్ పరీక్ష అని నేర్చుకునేది ఆయన 1948లో ఇచ్చిన స్కోర్ పరీక్షే. ఈ సంగతులు మా తరగతి గదుల్లో ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు నేను చెబుతున్నాను.

మద్దాల ఫారెస్ట్ నెల్సన్‌తో కలిసి 1974లో రాసిన వ్యాసం గురించి కాస్త ఆగి చెప్పాలి. ధర సర్దుకోని మార్కెట్‌లో మనకు కనబడే పరిమాణం గిరాకీ, సరఫరాల్లో ఏది తక్కువైతే అది. రెండోది ఎప్పుడూ కనబడదు. బ్యాంకు రుణాల్లో ఇది అచ్చంగా కనబడుతుంది. కౌలు రైతు లక్ష అడిగి ఉండవచ్చు, ముప్పై వేలు దొరికి ఉండవచ్చు. ఖాతాలో ముప్పై వేలే ఉంటుంది. మరో రైతుకు ఇస్తామన్నా తీసుకోకపోయి ఉండవచ్చు. అతని ఖాతాలోనూ ముప్పై వేలే ఉండవచ్చు. ఇద్దరి ఖాతాలూ ఒకటే, ఇద్దరి బతుకులూ వేరు. పీహెచ్‌డీ తరువాత ఒక ఎం.ఏ. విద్యార్థిని రుణాల మీద ప్రాజెక్టు చేస్తానని వస్తే నేను మొదట ఆమెకు ఇచ్చింది ఆ వ్యాసమే. ఆమె సమాచారంలో అప్పు కట్టకుండా బాకీ పడినవాళ్ళు చాలా కొద్దిమంది కాబట్టి వాళ్ళందరినీ, కట్టినవాళ్ళలో కొందరినే తీసుకుంది. దానివల్ల అంతా పాడైపోతుందేమోనని భయపడింది. లాజిట్ నమూనాలో (ప్రాబిట్ లాగే అవును-కాదు జవాబులకు వాడే పద్ధతిలో) అలా తీసుకుంటే స్థిరాంకం ఒక్కటే మారుతుందని, చలరాశుల గుణకాలు మారవని మద్దాల చూపించిన పేజీ తీసి పెట్టాను. ఆ అమ్మాయి ముఖం తేటపడటం ఇప్పటికీ గుర్తుంది.

ఇక నా థీసిస్. నాలుగో పట్టిక నాలుగుసార్లు మారింది. చివరి రూపంలో చదువు గుణకం నా మొదటి చిత్తుప్రతిలో వచ్చినట్టు లేదు. లాంబ్డా గుణకం రుణాత్మకంగా వచ్చింది కానీ దాని ప్రామాణిక దోషం పెద్దది. అవసరం నెట్టుకొచ్చిన వాళ్ళు ఎక్కువన్న వైపు అది మొగ్గుతోంది, రుజువు చెయ్యలేకపోయింది. ఆ మాటే అలాగే రాశాను. తోటి పరిశోధకులు ఆ పట్టిక తీసేసి మొదటిదే ఉంచుకోమని చెప్పారు. వాళ్ళది చెడ్డ ఉద్దేశం కాదు. ఏళ్ళ తరబడి చేసిన పనికి స్పష్టమైన సమాధానం ఉండాలని నా తరఫున కోరుకున్నారు.

వైవా రోజున బయటి నుంచి వచ్చిన పరీక్షకులు నేరుగా అక్కడికే వచ్చారు. "ఇంత దోషం ఉన్న గుణకాన్ని ఎందుకు ఉంచారు? తీసేస్తే మిగతా పట్టిక శుభ్రంగా ఉంటుంది కదా?" అని అడిగారు. గొంతు ఆరిపోయింది. పక్కన గైడు గారు తల దించుకుని కాగితాలు చూసుకుంటున్నారు, సాయం చెయ్యరని తెలుసు. "తీసేస్తే దాని విలువ సున్న అని నేను చెప్పినట్టవుతుంది సర్. సున్న అని నా సమాచారం చెప్పలేదు. ఎంతో తెలియదని చెప్పింది" అన్నాను. ఆయన కాసేపు ఆ పేజీనే చూసి, తరువాతి అధ్యాయానికి వెళ్ళారు.

ఇప్పుడు ఆ పట్టికలో కూలి కనబడిన స్త్రీల సంఖ్యకు పైన మరో మూడు వరుసలు ఉన్నాయి: 21, 92, 93. ఒక్కొక్కదానిలో ఎంతమంది, వాళ్ళ సగటు చదువెంత, ఇంట్లో చిన్నపిల్లలెందరు. మద్దాల పుస్తకాన్ని గైడు గారికి తిరిగి ఇచ్చేశాను. ఆయన పెన్సిలు గీతల పక్కన నావి కూడా చేరాయి, చెరపవద్దని ఆయనే అన్నారు.

బైండింగ్ చేయించిన థీసిస్ ప్రతిని ఇంటికి తీసుకెళ్ళాను. అమ్మకు ఇంగ్లీషు రాదు. నాలుగో పట్టిక తీసి, ఆ మూడు వరుసలూ చూపించి, ఏ అంకెకు ఏ అర్థమో చెప్పాను. సర్వే వాళ్ళు మన ఇంటికి రాలేదనీ, వచ్చి సరిగ్గా అడిగి ఉంటే తను 21లో ఉండేదనీ, అంటే ఇంటి పనిలో జీతం లేకుండా సాయపడే మనిషి అనీ చెప్పాను. అమ్మ ఆ అంకె మీద వేలు పెట్టింది.

"గేదెలు నేను కొన్నవి. పాల డబ్బు నేను తెస్తాను. మరి నేను ఎవరికి సాయం చేస్తున్నట్టు?" అని అడిగింది.

11కూ 21కూ మధ్య గీత ఎవరు గీస్తారు, ఇంటికి వచ్చిన సర్వే మనిషి ఎవరిని అడిగి గీస్తాడు అన్నది ఇప్పుడు నేను రాస్తున్న వ్యాసం.